ప్రభుత్వ కంపెనీల బోర్డులో అడుగువారెవరు?

సాయంకాలము మీ ఇంట దీపము వెలుగుచున్నది, రేడియో పలుకుచున్నది. ఆ విద్యుత్తులో కొంత రామగుండములోనో, విశాఖపట్టణమునకు చేరువనున్న సింహాద్రిలోనో పుట్టియుండును. ఆ రెండు కేంద్రములును ఎన్.టి.పి.సి. అను ప్రభుత్వ సంస్థవి. రామగుండమునకు బొగ్గు సింగరేణి గనులు పంపును. వంటింటిలోని గ్యాసుబండ ఇండియన్ ఆయిల్‌దో, హిందూస్థాన్ పెట్రోలియముదో అయియుండును. ఇంటి కప్పులో దాగిన ఇనుపకమ్మీలు విశాఖ ఉక్కు కర్మాగారమునుండి వచ్చినవి కావచ్చును. ఇట్లు మనము తలపకుండగనే ప్రతిదినమును నాలుగైదు ప్రభుత్వ కంపెనీలు మన గడప దాటి లోనికి వచ్చుచున్నవి.

ఈ కంపెనీలలో పెద్దవాటా ప్రభుత్వముది. ప్రభుత్వము పెట్టిన మూలధనము ప్రజలది. యజమాని ఒక్కరే అయినప్పుడు సంస్థలన్నియు ఒకే తీరున నడువవలెను గదా! కాని అట్లు జరుగుట లేదు. ఒకటి ఏటేట ఖజానాకు లాభములో భాగము చెల్లించుచుండును. మరియొకటి అప్పులలో కూరుకొనిపోవుచుండును. దీనికి కారణములు పెక్కు. ముడిసరుకు ధర, అప్పుపై వడ్డీ, బజారులో పోటీ, యంత్రముల వయస్సు - ఇవన్నియు లెక్కలోనివే. వీనితోపాటు, సామాన్యముగా మనము పట్టించుకొనని కారణము మరియొకటి కలదు. అది ఆ సంస్థ డైరెక్టర్ల బోర్డు. ఆ బోర్డులో ఎవరెవరు కూర్చుందురు, వారిని ఎవరు కూర్చుండబెట్టిరి, ఎన్ని కుర్చీలు ఖాళీగా నున్నవి అను విషయము సంస్థ నడకను ఎట్లు మార్చునో ఈ ప్రసంగములో వివరింపదలచితిమి.

మొదట నిర్వచనము చూతము. చెల్లించిన మూలధనములో నూటికి 51 వంతులకు తక్కువ కాకుండ కేంద్ర ప్రభుత్వముగాని, రాష్ట్ర ప్రభుత్వములుగాని, రెండును కలిసిగాని కలిగియున్న కంపెనీ ప్రభుత్వ కంపెనీ యగును. అట్టి కంపెనీ క్రింద నున్న అనుబంధ కంపెనీయు ప్రభుత్వ కంపెనీయే. 1956 నాటి కంపెనీల చట్టమును, దాని స్థానమున వచ్చిన 2013 నాటి చట్టమును ఈ విషయమున ఒకే మాట చెప్పుచున్నవి. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 వంతులు, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు కలవు. కావున ఆ బోర్డులో రెండు ప్రభుత్వముల మనుష్యులును ఒకే బల్ల చుట్టు కూర్చుందురు.

బోర్డు ఏల అవసరమో తెలియవలెనన్న మన ఊళ్ళలోని దేవాలయమును తలచుకొనవలెను. దేవునికి మాన్యము కలదు, తోట కలదు, నగలు కలవు. కాని దేవుడు కౌలు వసూలయినదా అని అడుగడు. నగలు తూచి చూడడు. కావుననే ధర్మకర్తలు కావలసివచ్చిరి. వారు నిజాయితీపరులు, తెలిసినవారు అయినచో నిత్యదీపము వెలుగును. కానిచో మాన్యము పరుల పాలగును. ప్రభుత్వ కంపెనీకి అసలు యజమానియైన ప్రజయు ఇట్లే నోరులేని యజమాని. కోట్ల మంది యజమానులలో ఏ ఒక్కరును వెళ్ళి లెక్క అడుగజాలరు. వారి పక్షమున అడుగుటకే బోర్డు ఏర్పడినది.

బోర్డు రోజువారి పని చేయదు. ఆ పని చేయుటకు ఇంజనీర్లు, కార్మికులు, గుమాస్తాలు కలరు. ఏ క్రొత్త పనికి ఎంత మూలధనము పెట్టవలెను, లెక్కలు సరియైనవా, పై అధికారులు చెప్పిన పని చేసిరా, రాబోవు ప్రమాదమేది - ఈ నాలుగింటిని చూచుటయే దాని ముఖ్యకార్యము. చట్టము ప్రకారము బోర్డు ఏడాదికి కనీసము నాలుగు మారులు కూడవలెను. రెండు సమావేశముల నడుమ 120 దినములకు మించి ఎడముండరాదు. ఆ కొద్దిపాటి గంటలలో జరిగిన చర్చయే పదేండ్లు, ఇరువదేండ్లు సంస్థ గతిని నిర్ణయించును.

ఆ బల్ల చుట్టు మూడు విధములైన కుర్చీలు కలవు.

మొదటివి సంస్థలోనే పూర్తికాలము పనిచేయు డైరెక్టర్లవి. ఉత్పత్తికి ఒకరు, ఆర్థిక వ్యవహారములకు ఒకరు, సిబ్బందికి ఒకరు, అందరికిని పెద్దగా అధ్యక్షుడు. మన దేశములో సామాన్యముగా అధ్యక్షుడే మేనేజింగ్ డైరెక్టరు కూడ. వీరికి సంస్థలోని ప్రతి మూలయు తెలియును. కాని తాము వండిన వంటకు తామే రుచి చెప్పవలసిన స్థితి వీరిది. అంతేకాక, అధ్యక్షుని క్రింద పనిచేయు డైరెక్టరు బోర్డు గదిలో ఆయన మాటకు అడ్డు చెప్పుట సులభము కాదు.

రెండవవి ప్రభుత్వ ప్రతినిధులవి. మంత్రిత్వశాఖనుండి వచ్చు అధికారులు వీటిలో కూర్చుందురు. ప్రభుత్వ విధానము వీరికి తెలియును. పైకి పోవు కాగితము త్వరగా కదలింప గలరు. కాని బదిలీ కాగానే మారిపోవుదురు. పైగా శాఖలో కూర్చుండి ఏ సంస్థ కాగితముపై ఆమోదమో, నిరాకరణమో వ్రాయవలెనో, ఆ సంస్థ బోర్డులో కూర్చుండి ఆ ప్రతిపాదనకు ముందే తలయూపవలసివచ్చును. ఒకే మనుష్యుడు వాదియు న్యాయాధిపతియు అగుట వంటిదిది.

మూడవవి బయటివారివి. వీరినే స్వతంత్ర డైరెక్టర్లందురు. సంస్థలో ఉద్యోగము లేదు, వ్యాపారసంబంధము లేదు, శాఖలో పదవి లేదు. లెక్కలు తెలిసినవారు, శాస్త్రవేత్తలు, ఆచార్యులు, ఇతర పరిశ్రమలు నడిపినవారు ఇట్లు రావలెనని ఉద్దేశ్యము. లోపలివారు అలవాటుపడి చూడజాలని దానిని వీరు చూడగలరు. ఐతే సంస్థ సంగతి వీరికి ఇతరులు ఇచ్చిన కాగితములనుండి మాత్రమే తెలియును. ఆ కాగితములు సమావేశమునకు ముందురాత్రి చేతికందినచో వీరి తెలివి ఎందుకును కొరగాదు.

మూడింటిలో ఏ ఒక్క విధమైన కుర్చీయు పరిపూర్ణము కాదని మీరు గ్రహించియుందురు. ఒకరికి తెలియును గాని అడుగలేరు. ఒకరు అడుగగలరు గాని వారికి వేరొక యజమాని కలడు. ఒకరికి అడుగు స్వేచ్ఛ కలదు గాని పూర్తిగా తెలియదు. కావున ముగ్గురిని తగు పాళ్ళలో కలుపుటయే ఉపాయము. కూరలో ఉప్పు, పులుపు, కారముల వలె ఒకటి హెచ్చినను చెడును, ఒకటి లేకున్నను చెడును.

ఈ పాళ్ళు తెలిసికొనుటకు మన దేశమునకు చాలకాలము పట్టినది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో ప్రభుత్వ పరిశ్రమల బోర్డులలో మంత్రిత్వశాఖల అధికారులదే పైచేయి. 1951లోనే ఏ.డి. గోర్వాలా ప్రభుత్వ పరిశ్రమల సమర్థ నిర్వహణమును గూర్చి నివేదిక సమర్పించిరి. 1967లో పరిపాలనా సంస్కరణల సంఘము, 1984లో అర్జున్ సేన్‌గుప్తా సంఘము ఇదే ప్రశ్నను మరల విచారించినవి. ప్రభుత్వమునకును సంస్థకును నడుమ ఎంత దూరముండవలెను అనునదే ఆ నివేదికలన్నింటను కనిపించు ప్రశ్న. ఈ మధ్యలో 1974లో పై పదవులకు తగినవారిని ఎంచి చెప్పుటకు ప్రభుత్వరంగ సంస్థల ఎంపిక మండలి ఏర్పడినది. ఆ మండలి పేరు సూచించును. తుది నిర్ణయము కేంద్ర మంత్రివర్గ నియామకసంఘముది.

1992లో కేంద్ర ప్రభుత్వము పాళ్ళను వ్రాతలో పెట్టినది. పూర్తికాలపు డైరెక్టర్లు బోర్డులో సగమునకు మించరాదు. ప్రభుత్వ ప్రతినిధులు ఆరవ వంతునకు మించరాదు. ఎట్టి పరిస్థితిలోను ఇద్దరికి మించరాదు. బయటివారు కనీసము మూడవ వంతుండవలెను. ఐదేండ్ల తరువాత, 1997లో, ‘నవరత్న’ పథకము వచ్చినది. మొదట తొమ్మిది సంస్థలకు, పిదప మరి రెండింటికి ఆ హోదా లభించినది. ఆ హోదా గల సంస్థ ప్రతి పెద్ద ఖర్చునకును ఢిల్లీకి పరుగెత్త నక్కరలేదు. కాని దీనికొక నిబంధన కలదు. బోర్డులో కనీసము నలుగురు బయటి డైరెక్టర్లను చేర్చుకొనిన పిదపనే ఆ క్రొత్త అధికారము వినియోగింపవలెను. బోర్డు కూర్పు బాగుగ లేనిచో స్వేచ్ఛ ఇచ్చుట క్షేమము కాదని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది.

ఇక స్టాకు ఎక్స్‌చేంజిలో వాటాలు అమ్మకమునకు పెట్టిన సంస్థలకు సెబీ నిబంధనలు కూడ వర్తించును. వాటి ప్రకారము, అధ్యక్షుడు పూర్తికాలపు ఉద్యోగియైనచో బోర్డులో సగము మంది స్వతంత్రులై యుండవలెను. బోర్డులో కనీసము ఒక స్త్రీ డైరెక్టరు ఉండవలెను. లెక్కలు పరిశీలించు ఆడిట్ సంఘములో మూడింట రెండు వంతులు స్వతంత్రులే ఉండవలెను.

నియమములు ఇంత స్పష్టముగ నున్నవి గదా, మరి లోపమెక్కడ? కుర్చీలు ఖాళీగా నుండుటలో.

ప్రైవేటు కంపెనీలో ఒక డైరెక్టరు తొలగినచో బోర్డు మరియొకరిని వెదకి వాటాదారుల ఆమోదము పొందును. ప్రభుత్వ కంపెనీ బోర్డుకు ఆ అధికారము లేదు. పేరు శాఖలో పుట్టవలెను, పరిశీలన జరుగవలెను, పై ఆమోదము రావలెను. స్వతంత్ర డైరెక్టర్ల పదవీకాలము సామాన్యముగా మూడేండ్లు. 2021 నవంబరులో పెక్కు సంస్థలలో పలువురను ఒకేసారి నియమించిరి. కావున 2024 నవంబరులో వారి గడువు ఒకేసారి తీరినది. అంతవరకు నిండుగా నున్న బల్ల ఒక్కదినములో సగము ఖాళీయగుట ఇందువలననే. ఆడిట్ సంఘమునకు కావలసిన స్వతంత్రులే లేనప్పుడు లెక్కలనెవరు గట్టిగా అడుగుదురు?

ఈ లోపమునకు స్టాకు ఎక్స్‌చేంజిలు జరిమానా వేయును. బోర్డు కూర్పు నిబంధన తప్పినచో దినమునకు 5,000 రూపాయలు. 2023, 2024 సంవత్సరములలో ఓ.ఎన్.జి.సి., ఇండియన్ ఆయిల్, గెయిల్ వంటి మహాసంస్థలకు ఇట్టి జరిమానాలు పడినవి. ఆ సంస్థలు చెప్పుకొనిన సమాధానమొక్కటే: డైరెక్టర్లను నియమించునది ప్రభుత్వము, మా చేతిలో ఏమియు లేదు. ఆ మాట నిజమే. నియమింపనిది ఒకరు, జరిమానా కట్టునది మరియొకరు. జరిమానా సంస్థ డబ్బునుండి పోవును. ఆ డబ్బులో పెద్దభాగము ప్రజలదే. వేల కోట్ల లాభము గల సంస్థకు ఆ మొత్తము చిన్నది కావచ్చును. కాని ఖాళీ కుర్చీవలన అడుగబడని ప్రశ్న విలువ ఎంతయో ఏ జరిమానాయు చెప్పజాలదు.

మరియొక సూక్ష్మవిషయము. స్వతంత్ర డైరెక్టరు సచ్ఛీలుడు, అనుభవజ్ఞుడు అయి యుండవలెనని చట్టము చెప్పుచున్నది. అట్టివాడని ఎవరు తేల్చవలెను? ఇతర కంపెనీలలో ఆ అభిప్రాయము బోర్డుది. ప్రభుత్వ కంపెనీల విషయమున 2015లో కేంద్ర ప్రభుత్వము ఆ మాటను మార్చి, ఆ సంస్థపై అజమాయిషీ గల మంత్రిత్వశాఖ అభిప్రాయమే ప్రమాణమని ప్రకటించినది. ఎవరిని ప్రశ్నింపవలసివచ్చునో వారే ప్రశ్నించువానిని ఎన్నుకొనుచున్నారు. రాజకీయపక్షములతో సంబంధము గలవారికి ఈ కుర్చీలు ఇచ్చుచున్నారను విమర్శయు వినవచ్చుచున్నది. పక్షసంబంధము గలవారందరు అసమర్థులని మేము అనము. కాని తనను కూర్చుండబెట్టినవారికి నచ్చని ప్రశ్న వేయగలడా అనునదే స్వాతంత్ర్యమునకు పరీక్ష.

అట్టి ప్రశ్న పుట్టినచో ఏమగునో కోల్ ఇండియా కథ చెప్పును. ఆ సంస్థలో పదింట ఒక వంతును 2010లో ప్రభుత్వము ప్రజలకు అమ్మినది. 2012లో విద్యుత్కేంద్రములకు ఒప్పందపు బొగ్గులో నూటికి 80 వంతులు తప్పక సరఫరా చేయుదుమని కట్టుబడవలెనని ప్రభుత్వము కోరినది. తప్పినచో సంస్థ పరిహారము చెల్లింపవలెను. బోర్డులో ఏకాభిప్రాయము కుదరలేదు. చివరకు ఆ ఏప్రిలులో రాష్ట్రపతి పేరిట సంస్థకు ఆదేశము వచ్చినది. వాటాలు కొనిన లండను మదుపు సంస్థయొకటి, డైరెక్టర్లు వాటాదారులందరి మేలు చూడలేదని న్యాయస్థానములకెక్కినది. 2014లో తన వాటాలు అమ్ముకొని వెడలిపోయినది.

ఇందులో న్యాయమెవరిది? దేశములో దీపములు వెలుగవలెనని ప్రభుత్వము కోరుట తప్పు కాదు. సంస్థ నష్టపోరాదని వాటాదారు కోరుటయు తప్పు కాదు. మేము గమనింపగోరునది వేరు. ప్రభుత్వపు కోరిక టెలిఫోనులో తీరిపోక, కాగితముపై, పేరుతో, తేదీతో రావలసివచ్చినది. బోర్డు వెంటనే తలయూపనందువలననే అట్లయినది. కాగితముపై వచ్చిన ఆదేశమును శాసనసభ్యులు చూడగలరు, పత్రికలు చూడగలవు, మనము చూడగలము. ఆ నిర్ణయపు భారము ఎవరిదో తెలియును. మంచి బోర్డు ప్రతిసారియు ప్రభుత్వమును ఎదిరింపదు. ప్రభుత్వ నిర్ణయమేదో, సంస్థ నిర్ణయమేదో వేరుచేసి చూపును. ఇది జరుగనిచోట నష్టము వచ్చినప్పుడు శాఖ సంస్థను చూపును, సంస్థ శాఖను చూపును. పదిమంది చేతిలో పాము చావదను సామెత అచ్చట నిజమగును.

ప్రభుత్వ బ్యాంకుల విషయమున ఇటువంటి పరిశీలనయే జరిగినది. రిజర్వు బ్యాంకు నియమించిన పి.జె. నాయక్ సంఘము 2014లో నివేదిక నిచ్చినది. బోర్డు సమావేశములలో ఏయే విషయములు చర్చకు వచ్చుచున్నవో ఆ సంఘము చూచినది. వ్యాపారపు దిశ, అప్పులలోని ప్రమాదము వంటి ముఖ్య విషయములకు దక్కవలసిన సమయము దక్కుట లేదని తేల్చినది. అటుపిమ్మట బ్యాంకులలో అధ్యక్ష పదవిని, మేనేజింగ్ డైరెక్టరు పదవిని వేరుచేసిరి. నియామకములకు పేర్లు సూచించుటకు 2016లో బ్యాంకుల బోర్డు బ్యూరో ఏర్పడినది. 2022లో దాని స్థానమున మరియొక సంస్థ వచ్చినది.

ఐతే బయటివారి సంఖ్య పెంచిన చాలునా? చాలదు. దీనికి సాక్ష్యము మన హైదరాబాదులోనే కలదు. సత్యం కంప్యూటర్స్ ప్రైవేటు కంపెనీ. 2008 నాటికి దాని బోర్డులో స్వతంత్రులే అధిక సంఖ్యాకులు. వారిలో పేరుగన్న ఆచార్యులు, ఉన్నతపదవులలో పనిచేసినవారు కలరు. నియమముల ప్రకారము ఆ బోర్డుకు వంక పెట్టలేము. ఆ డిసెంబరు 16న అధ్యక్షుని కుటుంబమునకు చెందిన రెండు కంపెనీలను కొనుటకు బోర్డు ఏకగ్రీవముగ సమ్మతించినది. మదుపుదారులు గగ్గోలు పెట్టగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయము రద్దయినది. 2009 జనవరి 7న లెక్కలే అబద్ధములని అధ్యక్షుడు ఒప్పుకొనెను. సంఖ్య నిండియున్నను ప్రశ్న నిండలేదు.

ఆ కథ అంతటితో ముగియలేదు. కేంద్ర ప్రభుత్వము పాత బోర్డును తొలగించి, ఆర్థిక, సాంకేతిక, న్యాయ రంగములలో అనుభవము గలవారిని కొలదిమందిని నియమించినది. శాఖాధికారులతో నింపలేదు. ఆ బోర్డు ఉద్యోగులకు జీతములు ఆగకుండ చూచి, ఏప్రిలులో బహిరంగపు వేలములో సంస్థను క్రొత్త యజమానికి అప్పగించినది. కంపెనీ అదే, ఉద్యోగులు వారే. మారినది బల్ల చుట్టు నున్న మనుష్యులు. తగినవారిని త్వరగా ఎంచి, వారి పనికి అడ్డు రాకుండుట ప్రభుత్వమునకు చేతకాని పని కాదని ఆ మూడు నెలలు చూపినవి.

ఇతర దేశముల అనుభవమును ఇట్లే రెండు విధములుగ కనబడును. నార్వేలో ప్రభుత్వమునకు పెద్ద కంపెనీలు కలవు. ఐనను మంత్రులు, శాఖల ఉన్నతాధికారులు వాటి బోర్డులలో కూర్చుండరాదను ఆచారము పాటింతురు. ఉద్యోగులు తామెన్నుకొనిన ప్రతినిధులను బోర్డులో మూడవ వంతు వరకు పంపగలరు. ప్రభుత్వము తన మాటను వాటాదారుల సభలో బహిరంగముగ చెప్పును. న్యూజిలాండులో 1986 నాటి చట్టము, ప్రభుత్వ సంస్థ చక్కని వ్యాపారసంస్థగా నడచుటకు తోడ్పడగలవారినే డైరెక్టర్లుగా నియమింపవలెనని శాసించినది.

దక్షిణాఫ్రికాలోని ఎస్కామ్ కథ వేరు. ఆ దేశమునకు విద్యుత్తు నిచ్చు ప్రభుత్వ సంస్థ అది. 2014 డిసెంబరులో దానికి క్రొత్త బోర్డు వచ్చినది. 2015 మార్చిలో ఆ బోర్డు నలుగురు పై అధికారులను ప్రక్కన పెట్టినది. ప్రభుత్వములో జరిగిన అక్రమములను విచారించిన జొండో సంఘము 2022లో ఈ వ్యవహారమును తీవ్రముగ ఖండించి, ఆ బోర్డు సభ్యులపై చర్య తీసికొనవలెనని సూచించినది. 2023లో మూడు వందల దినములకు మించి ఆ దేశములో విద్యుత్తు కోతలు అమలు జరిగినవి. పాత యంత్రములు, ఆలస్యమైన క్రొత్త కేంద్రములు కూడ అందుకు కారణములే. 2007 నాటికే కోతలు మొదలైనవి. కాని కష్టకాలములో నావకు చుక్కాని పట్టవలసినవారే దానిని వదలినచో తుపాను మరింత కీడు చేయును. ఆ చీకటిలో చదువుకొన్న పిల్లవానికి బోర్డు అను మాట తెలియకపోవచ్చును; దాని ఫలితము మాత్రము తెలియును.

బోర్డే సర్వమని చెప్పుటయు న్యాయము కాదు. విశాఖ ఉక్కును చూడుడు. 1971లో శంకుస్థాపన జరిగినది. 1982లో ఆ కర్మాగారమునకై రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అను ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 1992లో జాతికి అంకితమైనది. ఇతర పెద్ద ఉక్కు సంస్థలకు వలె దానికి స్వంత ఇనుప గనులు లేవు. ఖనిజమును బజారు ధరకు కొనవలెను. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గసంఘము సంస్థను పూర్తిగా అమ్మివేయుటకు సమ్మతించినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయమును కేంద్రము ప్రకటించినది. గని ఇచ్చుట, అమ్ముట, మూలధనము పోయుట - ఈ మూడును బోర్డు గదికి వెలుపల జరుగు నిర్ణయములు. ఎంతటి మేధావులను కూర్చుండబెట్టినను బల్లమీద గని పుట్టదు. ఐనను ఏ అప్పు ఎప్పుడు చేయవలెను, విస్తరణ ఎంతవరకు చేయవలెను, గని లేని లోటును ప్రభుత్వమునకు ఎంత గట్టిగా, ఎంత ముందుగా తెలియజేయవలెను అను ప్రశ్నలు ఏ సంస్థలోనైనను బోర్డువే. బోర్డు కూర్పు భాగ్యమును సృష్టింపదు. ఉన్న భాగ్యమును కాపాడును, రాబోవు కష్టమును ముందు చూపును.

ఇక ఇంటిలో కూర్చుండి వినుచున్న మనము చేయదగినదేమి? కొంత కలదు. ప్రతి ప్రభుత్వ కంపెనీయు ఏటేట వార్షిక నివేదికను ప్రకటించును. అది పార్లమెంటు ముందో, రాష్ట్ర శాసనసభ ముందో ఉంచబడును. ఇంటర్నెట్టులోను లభించును. మీ ఇంట ఎవరైన ప్రభుత్వ సంస్థ వాటాలు కొనియున్నచో ఆ నివేదిక మీకు వచ్చును. దానిని లాభనష్టముల పుటతో విడిచిపెట్టకుడు. కార్పొరేట్ పరిపాలన అను అధ్యాయములో ఒక పట్టిక యుండును. అందులో నాలుగు సంగతులు చూడుడు. స్వతంత్ర డైరెక్టర్లు ఎందరుండవలెను, ఎందరున్నారు? ఖాళీ ఎన్ని నెలలుగ నున్నది? ఎవరెన్ని సమావేశములకు వచ్చిరి? వచ్చినవారికి ఆ పరిశ్రమలోగాని, లెక్కలలోగాని ఏమి అనుభవము కలదు? ఈ నాలుగింటిని చూచుటకు అర్థశాస్త్రము చదివి యుండ నక్కరలేదు. ఊరి దేవాలయపు లెక్క చూడగలిగిన వారెవరైనను చూడగలరు.

చూచినదానిని మీ పార్లమెంటు సభ్యునికి, శాసనసభ్యునికి ఒక కార్డు వ్రాసియైనను అడుగవచ్చును. పార్లమెంటులో 1964 నుండి ప్రభుత్వ సంస్థల సంఘము పనిచేయుచున్నది. సంస్థల లెక్కలను, నడకను పరిశీలించుటయే దాని పని. లాభమెంత అని అడుగువారు చాలమంది కలరు. బోర్డులో కుర్చీ ఏల ఖాళీగా నున్నది అని అడుగువారు తక్కువ. లాభము గడచిన ఏటి మాట. కుర్చీ రాబోవు ఏటి మాట.

బోర్డు గదిలో అడుగువాడుండవలెనని ఇంతవరకు చెప్పితిమి. ఆ అడుగువానిని సకాలమున పంపుమని బయటనుండి అడుగవలసినవారము మనమే. యజమాని ఒక్కమారైనను అడుగునని తెలిసినచో ధర్మకర్త లెక్కను కొంత శ్రద్ధగా వ్రాయును.